ఉమ్మడి సందు

రెండిండ్ల నడుమ గోడయు లేక, కంచెయు లేక, వీధినుండి పెరటివఱకు పోవు దారి యొకటి యుండును. ఈ యింటివారును ఆ యింటివారును దానిని వాడుకొనుచుందురు. దీనినే మన ప్రాంతమున ఉమ్మడి సందందురు. నా మాటలు వినుచున్నవారిలో పెక్కుర యిండ్ల ప్రక్కను ఇట్టిది కలదని తలంచుచున్నాను. పూర్వము ఈ సందులో మనుష్యులు నడచిరి. పెరటిలోని కొట్టమునకు పశువులు నడచినవి. కోతల దినములలో ధాన్యపు బండి వచ్చి, బస్తాలు దింపి, మరలిపోయినది. నేడు కారు వచ్చినది. మనుష్యుడు నడచుటకు రెండడుగుల చోటు చాలును. కారునకు సుమారు ఆఱడుగులు కావలెను. అంతియకాదు. నడచువాడు నడచిపోవును, బండివాడు బరువు దింపి పోవును. కారు మాత్రము రాత్రియెల్ల అచ్చటనే నిలిచియుండును. సందు నడచుదారియా, బండి నిలుపుకొను చోటా యను ప్రశ్న మన పెద్దలకు రాలేదు. మనకు వచ్చినది.

పొలముగట్టు తగవును నేనెఱుగుదును, సందు తగవును నేనెఱుగుదును. రెండింటిలో రెండవదియే క్రూరమైనది. గట్టు నఱికినవానిని రైతు దుక్కినాడును కోతనాడును చూచును. సందులో కారు నిలిపినవానిని ప్రతిదినమును తెల్లవారి గుమ్మము దాటగనే చూడవలెను. ఇరువదియేండ్లు పండుగలకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకొన్న యిల్లాండ్రు రెండడుగుల నేలకై మాటలు మానుకొనుట నేను చూచితిని. వారి పిల్లలు బడిలో ఒక బల్లపై కూర్చుండుటకు నిరాకరించుటయు చూచితిని. కావున ఈ విషయమును న్యాయస్థానములకే వదలివేయక, మనము కొంత తెలిసికొనియుండుట మేలు.

హద్దుల తగవు క్రొత్తది కాదు. మనుధర్మశాస్త్రమున ఎనిమిదవ అధ్యాయము వ్యవహారపదములను పదునెనిమిదింటిని లెక్కించినది. అందు సీమావివాద మొకటి. గ్రామముల హద్దులు తేల్చుటకు జ్యేష్ఠమాసము తగినదని అచ్చట చెప్పబడినది. ఏలయన, ఎండలకు గడ్డి మాడి గుఱుతులు స్పష్టముగా కనబడును. మఱ్ఱి, రావి, మోదుగు, బూరుగు, తాడి మొదలగు చెట్లను హద్దులయందు నాటుమనిరి. చెట్టు కూలవచ్చును, ఎవరైన కొట్టివేయవచ్చును. కనుక నేలలో కనబడని గుఱుతులనుగూడ పాతిపెట్టుమనిరి. ఱాళ్లు, ఎముకలు, ఆవు వెండ్రుకలు, ఊక, బూడిద, పెంకులు, ఎండిన పేడ, ఇటుకలు, బొగ్గులు, ఇసుక మొదలుగా భూమి త్వరగా తినివేయనివాని నెల్ల పేర్కొనిరి. నేడు పురావస్తు పరిశోధకులు బొగ్గును పెంకును పట్టుకొని ప్రాతయూళ్ల జాడ తీయుచున్నారు గదా! ఆ స్మృతికర్త యెంత లోకజ్ఞుడో దీనివలన తెలియుచున్నది. సాక్ష్యము చెప్పువారు తలపై మన్ను పెట్టుకొని, ఎఱ్ఱని పూలమాలలును ఎఱ్ఱని వస్త్రములును ధరించి, తమ పుణ్యముపై ఒట్టుపెట్టుకొని హద్దు చెప్పవలసియుండెను. యాజ్ఞవల్క్యస్మృతియందును ఈ ప్రకరణము కలదు. దానికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. దానిని 13వ శతాబ్దమున, తిక్కన కాలమువాడైన కేతన, విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగుపద్యములలోనికి తెచ్చెను. అనగా ఏడువందల యేండ్ల క్రిందటనే తెలుగువానికి వ్యవహారశాస్త్రమును తన భాషలో చదువుకొను వీలు కలిగినదన్నమాట.

అయినను ఒక భేదము గమనింపుడు. ఆ గుఱుతులన్నియు గీత యెచ్చట నున్నదో తేల్చునవి. ఊరికిని ఊరికిని నడుమ, చేనికిని చేనికిని నడుమ గీత తేలినచో తగవు తీఱును. ఉమ్మడి సందులో అట్లు కాదు. అచ్చట గీత గీయబూనుటయే తగవునకు ప్రారంభము. ఇండ్ల విషయమున కౌటిల్యుని యర్థశాస్త్రము మనకు ఎక్కువ దగ్గఱగా నున్నది. మైసూరులో శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన ఆ గ్రంథమున, మూడవ యధికరణమునందు, వాస్తువులను గూర్చిన ప్రకరణము కలదు. ఇంటికిని ఇంటికిని నడుమ ఇంత యెడము విడువవలెననియు, ఇరువురి చూరులనడుమ నాలుగంగుళముల సందైన నుండవలెను, లేదా ఒకటి రెండవదానిపైకి వ్రాలియైన నుండవలెననియు అందున్నది. పొరుగువాని గోడను నీటితో పాడుచేసినవానికి పండ్రెండు పణముల దండము. అది శుభ్రమైన నీరు కానిచో దండము రెట్టింపు! ఇన్ని నియమములు చెప్పిన పిమ్మట ఆ గ్రంథకర్త మఱియొక మాట కలిపెను. ఇంటియజమానులు తమలో తాము కూడి, తమకిష్టమైనట్లు చేయించుకొనవచ్చును, అనిష్టమైనదానిని వారించుకొనవచ్చును. రాజదండమును గూర్చి అంత నిశితముగా వ్రాసినవాడు పొరుగువారి యొడంబడికకు ఇంత చోటు విడుచుట నాకెప్పుడును ఆశ్చర్యము కలిగించును.

ఇక నేటి న్యాయమునకు వత్తము. ఉమ్మడి యను నొక్క మాటక్రింద మూడు వేఱువేఱు సంగతులు దాగియున్నవి. నేను చూచిన తగవులలో సగమునకు పైగా, ఒకడు ఒకదానిని, రెండవవాడు మఱియొకదానిని మనసులో పెట్టుకొని పోరాడినవే.

నేల ఇరువురిదియు నగుట యొకటి. తండ్రి యిచ్చిన స్థలము పంచుకొని, దారినిమాత్రము పంచక విడిచిన అన్నదమ్ముల సందు ఇట్టిది. ఇందు సగము నాది, సగము నీది యనుట చెల్లదు. పాలలో కలిసిన నీటివలె ఇరువురి హక్కును అంగుళమంగుళమునను కలదు. కావున ఎవడును తన సగమని యొక వైపు కంచె వేయరాదు. ఎవడును రెండవవానిని వెడలగొట్టరాదు. శాశ్వతముగా ఆక్రమించుకొనునట్లు వస్తువులు పేర్చరాదు.

నేల యొకనిది, నడచు హక్కు మఱియొకనిది యగుట రెండవది. దీనినే కచేరీలలో ఈజ్‌మెంటు హక్కందురు. దీనికై 1882లో నొక చట్టము చేయబడినది. నాటి మద్రాసు రాజధాని కది మొదటనే వర్తించినది గనుక కోస్తా జిల్లాలకును రాయలసీమకును అది చిరపరిచితము. శాంతముగా, బాహాటముగా, హక్కుగా, ఎడతెగక ఇరువదియేండ్లు నడచినవానికి ఆ దారిపై హక్కు కలుగునని ఆ చట్టము చెప్పుచున్నది. ఇందు హక్కుగా ననుమాట ముఖ్యము. ఒకే యాస్తిని పంచుకొన్నప్పుడు వెనుక భాగమునకు వేఱు దారియే లేకున్నచో, అవసరమువలన కలుగు దారిహక్కుగూడ నొకటి కలదు. వేఱు దారి యేర్పడి ఆ యవసరము తీఱిననాడు అది పోవును. మఱియొక సూక్ష్మమున్నది. ఒకవిధమగు దారిహక్కులో మఱియొకవిధమగు దారిహక్కు ఇమిడియుండదు. నడక హక్కు కలవాడు దానినే చూపి కారు తోలుకొనిపోజాలడు. అటులనే నేల గలవాడు, నడచువానికి ఆటంకము కానంతవఱకు, తన నేలను తానెట్లైనను వాడుకొనవచ్చును. అందు పూలకుండీ పెట్టినాడని కోపించుట వ్యర్థము. ఆ కుండీని తప్పించుకొని నడువ వీలున్నదా లేదా యనునదే విచారింపవలసినది.

మూడవది కేవలము అనుమతి. "మీ దారిని పోవచ్చునాండీ?" యని అడిగి, సరేయనిపించుకొని నడచువాడు నలువదియేండ్లు నడచినను అడిగినవాడే. ఇచ్చినవాడు సాధారణముగా దానిని మాన్పవచ్చును. మంచివారైన పొరుగువారు తమ అనుమతిని ఎన్నడును చెప్పి చూపరు. అందువలననే వారి మనుమలకు చిక్కు కలుగును. అది అనుమతియో హక్కో చెప్పగల ముసలివారు అప్పటికి లేకుందురు.

ఈ మూడింటిలో తనది యేదో తెలియుటకు దస్తావేజులు తీయవలెను. తన దస్తావేజు మాత్రమే చూచి ధైర్యము తెచ్చుకొనువారు పెక్కురు. అది చాలదు. మన క్రయపత్రములలో నిధి, నిక్షేపము, జలము, పాషాణము మొదలుగా అష్టభోగములను గంభీరముగా పేర్కొందురు. భూమిలోని నిధికి కూడ చోటున్నది గాని, ఆ యెనిమిదింటిలో దారి లేదు! దారి సంగతి సరిహద్దుల పట్టికలోనే దొరకును. నా దస్తావేజులో నా పడమటి హద్దు ఏమని యున్నదో, పొరుగువాని దస్తావేజులో వాని తూర్పు హద్దు ఏమని యున్నదో రెండును ప్రక్కప్రక్కను పెట్టి చదువవలెను. రెండింట ఉమ్మడి సందని యున్నచో సంతోషము. ఒకదానిలో నుండి రెండవదానిలో లేనిచో, ఇద్దఱి హక్కులకును మూలమైన ప్రాత పత్రమువఱకు వెనుకకు పోవలెను. సబురిజిస్ట్రారు కచేరిలో రుసుము చెల్లించి నకలు తెచ్చుకొనవచ్చును. గజముల లెక్కకును సరిహద్దుల వర్ణనకును పొత్తు కుదురనిచో, సాధారణముగా న్యాయస్థానములు సరిహద్దులకే ఎక్కువ విలువనిచ్చును.

సర్వేయరును పిలిచినచో అంతయు తేలునని కొందఱి నమ్మకము. కోస్తాలో సర్వే రాళ్లకు 1923 నాటి సర్వే హద్దుల చట్టము ఆధారము. అఱువదియాఱడుగుల గొలుసుతో కొలిచి చేసిన పటములు పొలములకు చక్కగా పనికివచ్చును. కాని గ్రామకంఠములో నున్న యిండ్లకు విడివిడి కొలతలు చాలచోట్ల లేవు. ఊరంతయు ఒకే నంబరుక్రింద నుండును. ఎవరి సందు ఎవరిదో కరణముగారి జ్ఞాపకములో నుండెడిది. ఆ యుద్యోగము 1984లో రద్దయినది. 2020లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకమున గగనమునుండి యంత్రముతో చిత్రములు తీసి పల్లెలలోని యిండ్లకు పటములు చేయుచున్నారు. మేలే. అయినను పటము నేల యాకారమును చూపును; దానిపై నడచువాని హక్కు ఎట్టిదో చూపలేదు.

మా గోదావరి ప్రాంతమున ఒక పట్టణములో జరిగిన సంగతి చెప్పెదను. 1961లో ఒక పెద్దమనిషి తన యింటిస్థలమును ఇద్దఱు కొడుకులకు పంచియిచ్చెను. నడుమ తొమ్మిదడుగుల వెడల్పు, అఱువదియడుగుల పొడవు గల సందును విడిచి, నడకలకును బండ్లకును ఉభయులును, వారి వారసులును దానిని ఆటంకము లేక అనుభవింపవలెనని పంపిణీపత్రమున వ్రాయించెను. కొంతకాలమునకు చిన్నవాని కొడుకులు హైదరాబాదు చేరి తమ యిల్లు ఒక పైయూరివానికి అమ్మిరి. క్రయపత్రము వ్రాసినవాడు సందులో సగము, అనగా ముప్పది గజములు, ఇంటి గజములలో కలిపి వేసెను. పడమటి హద్దు పొరుగువారి యిల్లని వ్రాసెను. సందను మాట మాయమైనది. కొన్నవాడు ఆ ముప్పది గజములకును వెల చెల్లించెను. కనుక వానిని దుర్మార్గుడనుట న్యాయము కాదు. తాను డబ్బిచ్చి కొన్న నేలపై తన కారు నిలుపుకొనుచున్నానని వాడు నిజముగా నమ్మెను.

ఒకనాటి రాత్రి పెద్దవాని యింట ముసలామెకు ఊపిరాడలేదు. 108 బండి వీధిలో నిలిచిపోయినది, సందులో కారుండెను. ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, గోడకును కారునకును నడుమ ప్రక్కవాటుగా మోసికొనిపోయిరి. ఆమె బ్రదికినది. కాని మఱునాడు మనుమడు సందులో ఇనుపమేకులు పాతెను. మూడవనాడు కొన్నవాడు నడిమధ్యను గోడకట్టుటకు ఇటుకలు దింపించెను. ఇరువురి పిల్లలకును నేను చదువు చెప్పినవాడను గనుక నన్ను పిలిచిరి.

నేను వెంట కొలతపట్టిని, సుద్దముక్కను తీసికొనిపోతిని. మనుమనితో పెట్టె వెదకించి పంపిణీపత్రము తీయించితిని. తరువాత గోడ కట్టదలచిన చోట తొమ్మిదంగుళముల వెడల్పున రెండు సుద్దగీతలు గీచి, కొలువుమంటిని. గోడ పోగా మిగిలినది ఎనిమిదడుగుల మూడంగుళములు; చెఱిసగము నాలుగడుగుల ఒకటిన్నర అంగుళము. "ఇప్పుడు మీ కారు లోపలికి తెండు" అని ఇరువురితోను చెప్పితిని. ఇరువురును ఆ గీతలవంక చూచి ఊరకుండిరి. నల్లబల్లమీది లెక్కకంటె నేలమీది గీత త్వరగా తలకెక్కును.

కొంతసేపటికి కొన్నవాడు, "ముప్పై గజాలకి రూపాయలు లెక్కపెట్టి ఇచ్చానండి మాస్టారూ" అనెను. "మా మామ్మని కుర్చీలో మోసుకెళ్లామండి మాస్టారూ" అని మనుమడనెను. రెండును నిజములే. అమ్మినవాడు తనకు లేనిదానిని ఇయ్యజాలడు గనుక, ఆ ముప్పది గజములనుగూర్చిన ఫిర్యాదు అమ్మినవారిపై నుండవలెనేగాని పొరుగువానిపై నుండరాదని కొన్నవానికి విశదపఱచితిని. మేకులు పాతుటయు గోడవంటిదే యని, ఉమ్మడిసొత్తులో ఒకడు తీర్పరి కారాదని మనుమనికి చెప్పితిని. ఇది వినుట వానికి రుచింపలేదు. అయినను మేకులు తీసివేసెను.

వారు వ్రాసికొన్న ఒడంబడిక నాకు నచ్చినది. అందలి చిన్నచిన్న సంగతులను గూర్చి చెప్పుటకే ఈ కథ నెత్తితిని. సందులో ఏ వాహనమును రాత్రి నిలువరాదు, పెరటిలోనికి పోవలెను. సామాను దింపుకొనుటకు పావుగంట నిలుపవచ్చును, కాని తోలువాడు దగ్గఱనే యుండవలెను. ముసలామె గుమ్మము మెట్టు అడుగుమేర సందులోనికి వచ్చియున్నది. అది ఉన్నంతకాల ముండును, పడగొట్టి కట్టునప్పుడు లోపలికి జరుగవలెను. సజ్జలు, గొట్టములు, చల్లదనపు యంత్రముల పెట్టెలు బండికి తగులనంత యెత్తున నుండవలెను. సిమెంటు వేయు ఖర్చు చెఱిసగము. వాలు వీధి మురుగుకాలువ వైపునకు, నడుమ సన్నని కాలువ. ఈ వాలు సంగతిని పెక్కురు మఱతురు. కారు తగవు తీఱిన సందులో మొదటి వానకు నీటి తగవు పుట్టును. ఒకడు తన వైపు రెండంగుళములు మెఱక చేసినచో నీరు రెండవవాని పునాదిలోనికి పోవును. కౌటిల్యుని పండ్రెండు పణములు జ్ఞాపకము చేసికొనుడు. వీధితలుపునకు తాళము వేసినచో చెవులు రెండు. చివరకు, సందు నేల ఇరువురిదియు ననియు, ఎవరును దానిని విడదీయరనియు, అమ్మినప్పుడు కొనువానికిని ఇదియే వర్తించుననియు వ్రాసిరి. స్థిరాస్తి హక్కును సృజించు పత్రమును రిజిస్టరు చేయింపవలెను గనుక రిజిస్టరు చేయించిరి. నోటిమాట వారి కాలమునకు చాలును. వారి పిల్లల కాలమునకు చాలదు.

ఒడంబడిక కుదురనిచో న్యాయస్థానమే గతి. అచ్చట దారికి అడ్డు తగులకుండ నిషేధాజ్ఞ కోరవచ్చును. కట్టిన గోడ తీయింపుమనియు కోరవచ్చును. న్యాయస్థానము కమిషనరును పంపి స్థలమును చూపించి కొలిపించును. గోడ లేచిన పిమ్మట చాలకాలమునకు మేల్కొన్నవానికి ఉపశమనము కష్టమగును; కావున అభ్యంతరమేదైన నున్నచో పునాది త్రవ్విననాడే వ్రాతమూలకముగా తెలుపవలెను. దావాకు ముందు లోక్‌అదాలతు నాశ్రయించుట మేలు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టముచే నవి యేర్పడినవి. దావా వేయకమున్నే అచ్చటికి పోవచ్చును. కచేరి రుసుము లేదు. ఇరువురును సమ్మతించి చేసికొన్న పరిష్కారమునకు న్యాయస్థానపు డిక్రీకున్న బలముండును, దానిపై అప్పీలు లేదు. అయితే ఇరువురి సమ్మతియు లేనిదే అచ్చట తీర్పు రాదు. పొరుగువానికి కోపమెక్కకమునుపే పోవలెననుటకు ఇదియే కారణము.

ఇల్లు కొనదలచినవారికి ఒక మాట. ఇంటి గదులు చూచుటకు పట్టు కాలములో సగమైనను సందులో గడపుడు. కొలతపట్టితో వీధిచివరను ఒకసారి, పెరటిచివరను ఒకసారి కొలువుడు. రెండు కొలతలును ఒక్కటి కాకపోవుట సాధారణము. పొరుగువానిని పలకరించి, "ఈ సందు ఎవరిదండీ?" అని అడుగుడు. అమ్మువాడు చెప్పినదానికిని అతడు చెప్పినదానికిని భేదమున్నచో బయానా ఇయ్యకుడు. రిజిస్ట్రారు కచేరి వాకిట, సంతకము చేయకమునుపు, సరిహద్దుల పట్టికలో ఉమ్మడి సందను రెండు మాటలు పడినవో లేదో, గజముల లెక్కలో సందు కలిసినదో లేదో, అమ్మువాడును కొనువాడును ఇరువురును వ్రేలు పెట్టి చదువుకొనవలెను.